పేరు చూసి కొనాలా, పాళ్లు చూసి కొనాలా? సమ్మేళనానికీ మిశ్రమానికీ తేడా

ఒడిశాలో కాశీనగర్ అవతల, వంశధార గట్టుకి దగ్గర్లో మా బావకి రెండెకరాల పల్లం ఉంది. ఒక ఏడు ఖరీఫ్‌లో, పొద్దున్నే కూలీలు వస్తారు, అప్పుడు హడావుడి ఎందుకని, ముందు రాత్రే యూరియా, సూపర్ (సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ ఎరువు) రెండూ గచ్చు మీద పోసి పారతో బాగా కలిపాడు. మీద పరదా కప్పి పడుకున్నాడు. తెల్లారి పరదా తీస్తే గుళికలు లేవు. అడుగంటిన పాయసంలా బూడిదరంగు ముద్ద ఉంది. చేత్తో తీస్తే వేళ్లకి అంటుకుంటోంది, చల్లుదామంటే విడివడదు.

సెలవులకి బరంపురం నుంచి వెళ్లిన నన్ను పట్టుకున్నాడు. "కెమిస్ట్రీ ట్యూషన్లు చెప్తావు గదా, ఇది చెప్పు. వాన పడలేదు, కప్పు కారలేదు. రెండు పొడి వస్తువులు కలిపితే నీళ్లెక్కడివి?"

నీళ్లు సూపర్‌లోనే ఉన్నాయి. అందులో మోనోకాల్షియం ఫాస్ఫేట్ అనే పదార్థం ఉంటుంది. అది తన స్ఫటికంలో కొంత నీటిని బిగించి పట్టుకుంటుంది. ముట్టుకుంటే తడి తెలియదు, ఎందుకంటే ఆ నీరు అందులో అంటుకుని లేదు, అందులో ఒక భాగమైపోయింది. యూరియా వచ్చి ఆ ఫాస్ఫేట్‌తో జతకట్టగానే నీటికి చోటు పోయి బయటికి వచ్చేస్తుంది. అలా వచ్చిన నీటిలో మిగిలిన యూరియా కరగడం మొదలవుతుంది. బావ రెండూ కలిపాననుకున్నాడు. రాత్రికి రాత్రి అవి తమలో తాము కొత్త సంబంధం కలుపుకున్నాయి.

"పొడి వస్తువులో నీళ్లు దాక్కుంటాయేటి?" అని ఆయన చాలాసేపు నమ్మలేదు. కానీ సమ్మేళనం అంటే ఏమిటో చెప్పడానికి నాకు అంతకంటే మంచి ఉదాహరణ ఇప్పటికీ దొరకలేదు. అప్పటినుంచి ఎవరైనా "మాస్టారూ, ఏది కొనమంటారు?" అని అడిగితే, అది ఎరువైనా, ఉప్పైనా, బ్లీచింగ్ పౌడరైనా, ముందు నేను తేల్చుకునేది ఒకటే: అది సమ్మేళనమా, మిశ్రమమా? సమ్మేళనమైతే పేరు చూసి కొనవచ్చు. మిశ్రమమైతే పేరు చాలదు, పాళ్లు అడగాలి.

తేడా ఎక్కడుంది

మా దగ్గర పిల్లలకి ఈ పాఠం రెండుసార్లు చెప్పాలి. బళ్లో ఒడియాలో జౌగిక, మిశ్రణ అని నేర్చుకుంటారు. ఇంటికొచ్చి తెలుగులో అడిగితే మిశ్రణ సులువుగా మిశ్రమం అవుతుంది, జౌగిక దగ్గర ఆగిపోతారు. తెలుగు పుస్తకాల్లో సంయోగ పదార్థం అనీ, సమ్మేళనం అనీ రెండు మాటలున్నాయి. సమ్మేళనం అంటే కవి సమ్మేళనం గుర్తొస్తుందని ఒక అమ్మాయి నవ్వింది. నిజమే, కవులు కలిసినా ఎవరి స్వభావం వాళ్లదే కాబట్టి అది మిశ్రమమే. అయినా మాట చిన్నది కనుక ఇక్కడ సమ్మేళనం అనే వాడుతున్నాను.

గోపాలపురం, ఛత్రపురం వైపు ఎప్పుడైనా సముద్రం దగ్గరికి వెళ్తే గుప్పెడు ఇసుక తెచ్చుకోండి. అందులో తెల్ల రేణువులు, గులాబీ రేణువులు, నల్ల రేణువులు కలిసి ఉంటాయి. పాత స్పీకర్లోంచి తీసిన అయస్కాంతాన్ని కాగితంలో చుట్టి ఇసుకలో తిప్పితే కొన్ని నల్ల రేణువులు అంటుకుని పైకొస్తాయి. ఛత్రపురం దగ్గర, ఇసుకలోంచి ఖనిజాలు తీసే ప్రభుత్వ సంస్థ ఐఆర్ఈఎల్ వాళ్ల ఫ్యాక్టరీలో పెద్ద ఎత్తున చేసేదీ ఇదే. బరువును బట్టి, అయస్కాంతానికి లొంగే గుణాన్ని బట్టి, కరెంటు పారే గుణాన్ని బట్టి ఇల్మెనైట్, రూటైల్, జిర్కాన్, సిల్లిమనైట్, గార్నెట్, మోనజైట్ అనే ఖనిజాలను వేరు చేస్తారు. ఇసుక మిశ్రమం కాబట్టే అలా ఏరగలిగారు.

ఇప్పుడు ఒక్క ఇల్మెనైట్ రేణువు తీసుకోండి. అందులో ఇనుము, టైటానియం, ఆక్సిజన్ ఉన్నాయి. దాన్ని ఎంత మెత్తగా నూరినా, ఎంత పెద్ద అయస్కాంతం పెట్టినా ఇనుము ఒకపక్కకి, టైటానియం ఒకపక్కకి రావు. వాటిని విడదీయాలంటే ఆమ్లమో, క్లోరినో, కొలిమి వేడో కావాలి. ఆ రేణువు సమ్మేళనం. గుప్పెడు ఇసుకలో ఇల్మెనైట్ ఎంతన్నది చోటును బట్టి మారుతుంది. స్వచ్ఛమైన ఇల్మెనైట్‌లో టైటానియం పాలు మాత్రం సూత్రం ప్రకారమే ఉంటుంది.

ఈ పాళ్ల సంగతి మీద ఒకప్పుడు పెద్ద వాదమే నడిచింది. ఫ్రాన్స్‌కి చెందిన జోసెఫ్ ప్రూస్ట్ స్పెయిన్‌లో పనిచేస్తూ, 1799లో రాగి కార్బొనేట్‌ను పరీక్షించాడు. గనిలో దొరికినదైనా, తను ప్రయోగశాలలో తయారు చేసినదైనా అందులోని పాళ్లు ఒకటేనని తేల్చాడు. క్లాడ్ బెర్తొలే ఒప్పుకోలేదు, పాళ్లు మారవచ్చన్నాడు. బెర్తొలే చూపిన ఉదాహరణల్లో చాలావరకు మిశ్రమాలే. అంత పెద్దాయనే అక్కడ పొరబడ్డాడు, మా బావని నేనేమనగలను?

నీరు సమ్మేళనం. 9 గ్రాముల నీటిలో 1 గ్రాము హైడ్రోజన్, 8 గ్రాముల ఆక్సిజన్. రుషికుల్య నీరైనా, వంశధార నీరైనా మురికీ ఉప్పూ తీసేశాక ఆ లెక్క మారదు. గాలి మిశ్రమం. పొడిగాలిలో దాదాపు 78 శాతం నైట్రోజన్, 21 శాతం ఆక్సిజన్, ఒక శాతానికి కాస్త తక్కువగా ఆర్గాన్. వానాకాలం వస్తే ఆవిరి చేరి ఆ పాళ్లు కాస్త అటూ ఇటూ అవుతాయి, అయినా అది గాలే. పరీక్షకి ఇంతవరకు చాలు. బజారుకి వెళ్తేనే అసలు చిక్కు మొదలవుతుంది.

ఎరువుల కొట్లో

యూరియా అంతా ఒకే సమ్మేళనం. స్వచ్ఛమైన యూరియాలో నైట్రోజన్ 46.6 శాతం, బస్తా మీద 46 అని ఉంటుంది. పైన వేప నూనె పూత తప్ప వేరే సరుకు లేదు. కాబట్టి ఏ కంపెనీ యూరియా మంచిదని బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. ధర కూడా ప్రభుత్వం కట్టినదే, 45 కిలోల బస్తా పన్నులూ వేప పూతా కలిపి 266 రూపాయల 50 పైసలు. ఫలానా కంపెనీ యూరియా అయితే పైరు నల్లగా వస్తుందని కొందరు బస్తాకి అదనంగా ఇచ్చి తెచ్చుకుంటారు. ఆ డబ్బు దండగ.

డీఏపీ దగ్గరికి వచ్చేసరికి కొంచెం నిదానించాలి. డైఅమ్మోనియం ఫాస్ఫేట్ పేరుకి సమ్మేళనమే. పూర్తి స్వచ్ఛంగా ఉంటే నైట్రోజన్ 21 శాతం, భాస్వరం లెక్క దాదాపు 54 ఉండాలి. బస్తా మీద మాత్రం నైట్రోజన్-భాస్వరం-పొటాష్ వరసలో 18-46-0 అని ఎందుకుంది? ఫాస్ఫేట్ రాయి నుంచి వచ్చిన ఇతర మలినాలు అందులో ఉండిపోతాయి కాబట్టి. అంటే కొట్లో దొరికే డీఏపీ, సమ్మేళనం ఎక్కువగా ఉన్న మిశ్రమం. అందుకే దానికి పేరుతోపాటు అంకెలు కూడా కావాలి. ఇంకో ముచ్చట, ఆ 46 అనేది ఫాస్ఫరస్ పెంటాక్సైడ్ లెక్క. బస్తాలో ఆ పదార్థం చెంచాడు కూడా ఉండదు. పాతకాలం లెక్క అలవాటుగా నిలిచిపోయింది, అంతే. అసలు భాస్వరం 20 శాతమే.

ఇక 14-35-14, 10-26-26, 20-20-0-13 (నాలుగోది గంధకం) లాంటివాటిని కాంప్లెక్స్ అంటారు. కాంప్లెక్స్ అనగానే ఏదో ఒకే సమ్మేళనం అనుకోకండి. రెండు మూడు సమ్మేళనాలు ఒకే గుళికలో ఇమిడి ఉంటాయి. ఏ గుళిక తీసుకున్నా అందులో అన్నీ ఉంటాయి. విడి ఎరువులు కలిపి అమ్మే మిక్చర్ అలా కాదు. అందులో తెల్లగుళిక యూరియా, ఎర్రపలుకు పొటాష్, బూడిదగుళిక ఫాస్ఫేట్, దేనికదే. లారీలో గుణుపురం దాకా కుదుపుకుంటూ వచ్చేసరికి సన్నవి అడుక్కి దిగి, లావువి పైకి తేలతాయి. బస్తా విప్పి పైనుంచి చల్లుకుంటూ పోతే మడిలో ఒక మూలకి ఒకటి, ఇంకో మూలకి ఒకటి పడుతుంది. ఒకే ధర ఒకే అంకెలు ఉంటే మిక్చర్ కంటే కాంప్లెక్సే తీసుకోండి. మిక్చరే దొరికితే బస్తా మొత్తం పరదా మీద పోసి తిరగేసి కలిపి, అప్పుడు చల్లండి.

డీఏపీ దొరకని రోజుల్లో ఏం చేయాలన్నది ఎక్కువమంది అడిగే ప్రశ్న. 50 కిలోల డీఏపీ బస్తాలో 9 కిలోల నైట్రోజన్, 23 కిలోల భాస్వరం లెక్క ఉంటుంది. సూపర్‌లో భాస్వరం లెక్క 16 శాతం. మూడు బస్తాల సూపర్ వేస్తే 24 కిలోలు వస్తుంది. నైట్రోజన్‌కి 20 కిలోల యూరియా చాలు. అంటే ఒక డీఏపీకి బదులు మూడు సూపర్లు, సగం కంటే కాస్త తక్కువ బస్తా యూరియా. మోత ఎక్కువ, కూలీ ఎక్కువ, అది నష్టం. కానీ సూపర్‌లో జిప్సం కలిసి ఉంటుంది కాబట్టి కాల్షియంతోపాటు గంధకం దాదాపు 11 శాతం అదనంగా వస్తుంది. మూడు బస్తాలకి 16 కిలోల పైమాటే. వేరుశనగ, నువ్వులు, పప్పు పంటలు వేసేవాళ్లు డీఏపీ కోసం లైన్లో నిలబడే బదులు సూపర్ తీసుకోవడమే మేలని నా లెక్క. వరికి, మెట్టకి మోసుకెళ్లే ఓపిక లేనప్పుడు డీఏపీ హాయి. మా బావ వరికే సూపర్ వాడతాడు, చవకని. అదీ తప్పు కాదు. రాత్రే కలిపి పెట్టడం తప్పు. కలిపితే గంట రెండు గంటల్లో చల్లేయాలి.

ఇంట్లో చేసుకునే పరీక్షలు కొన్ని ఉన్నాయి. డీఏపీ గుళికలు నాలుగు అరచేతిలో వేసుకుని, పొగాకు నలిపినట్టు సున్నంతో నలపండి. ముక్కు పగిలే ఘాటు వస్తే అందులో అమ్మోనియం ఉన్నట్టు. సూపర్ గుళికలు చూపుకి డీఏపీలాగే ఉంటాయి, కానీ ఆ ఘాటు రాదు. పెనం మీద సన్నటి సెగన వేడి చేస్తే డీఏపీ గుళిక మరమరంలా ఉబ్బుతుంది, సూపర్ ఉబ్బదు. యూరియా పెనం మీద కరిగి ఆవిరైపోతుంది, అడుగున ఏమీ మిగలదు. గ్లాసు నీళ్లలో వేస్తే పూర్తిగా కరిగి గ్లాసు చల్లబడుతుంది. పరీక్ష చేసిన పెనం మళ్లీ అట్లకి వాడకండి. మా అప్ప చేతిలో నేను తిన్న తిట్లు మీకెందుకు?

అయితే ఈ పరీక్షలన్నీ 'ఏముంది' అన్నదే చెబుతాయి, 'ఎంతుంది' అని చెప్పవు. 20-20 కాంప్లెక్స్‌ని సున్నంతో నలిపినా అదే ఘాటు వస్తుంది. పాళ్లు తేల్చేది ల్యాబే. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం బస్తా మీద పాళ్లు ముద్రించి తీరాలి. కుట్టు విప్పని బస్తా తీసుకుని, మిషన్ బిల్లు పుచ్చుకుని దాచుకోండి. ఒకసారి మేము విడి సరుకు చవగ్గా వస్తోందని ఒక చిన్న కొట్లో గోనెలో పోయించుకుని తెచ్చాం. పైరు పాలిపోయింది. అడగడానికి వెళ్తే చూపించడానికి మా చేతిలో చీటీ ముక్క లేదు.

ఉప్పు

గంజాం వైపు హుమ్మా ఉప్పు మళ్లు రైల్లోంచే కనిపిస్తాయి. లీటరు సముద్రపు నీటిలో 35 గ్రాముల దాకా లవణాలు కరిగి ఉంటాయి. అందులో మనం తినే సోడియం క్లోరైడ్ నాలుగింట మూడు వంతుల పైన. మిగిలినవాటిలో మెగ్నీషియం లవణాలు ముఖ్యమైనవి. ఎండకి నీరు తగ్గుతుంటే మెగ్నీషియం లవణాల కంటే ముందు సోడియం క్లోరైడ్ స్ఫటికాలుగా రాలుతుంది. మెగ్నీషియం క్లోరైడ్ చేదునీటిలో ఉండిపోతుంది. ఆ చేదునీటిని సరిగ్గా వదిలేస్తే మంచి ఉప్పు, వదలకపోతే తడి ఉప్పు.

వానాకాలంలో కల్లుప్పు జాడీలో నీరు కారడం మనందరికీ తెలుసు. "ఉప్పు గాలిని పీల్చుకుంది" అంటాం. ముందు పీల్చుకున్నది సోడియం క్లోరైడ్ కాదు, దానికి చెమ్మ ఓర్చే శక్తి బాగానే ఉంది. దానితో కలిసి ఉన్న మెగ్నీషియం క్లోరైడ్ గాలిలో తేమ లాగి కరుగుతుంది. చిటికెడు తోడు ఉన్నందుకు జాడీ అంతా తడిసిపోతుంది. మిశ్రమంలో ఎవరి గుణం వాళ్లదే అనడానికి ఇదే రుజువు.

ప్యాకెట్ ఉప్పు కూడా మిశ్రమమే. సోడియం క్లోరైడ్‌కి పొటాషియం అయొడేట్ కలుపుతారు. ఇంటికి చేరేసరికి పది లక్షల పాళ్లకి 15కి తగ్గకుండా అయొడిన్ ఉండాలని రూలు. మనుషుల తిండికి అయొడిన్ లేని ఉప్పు అమ్మడం 2006 నుంచి నిషేధం. పచ్చళ్లకి కల్లుప్పు కావాలనుకునే బరంపురం ఆడవాళ్లు అయొడిన్ కలిపిన కల్లుప్పు అడిగి తీసుకోవచ్చు, అదీ దొరుకుతుంది. ఒక్కటే జాగ్రత్త. గిద్ద కల్లుప్పూ గిద్ద మెత్తనుప్పూ ఒక బరువు కాదు. పలుకుల మధ్య ఖాళీ ఉంటుంది కాబట్టి కల్లుప్పు గిద్దకి తక్కువ తూగుతుంది. పాళ్లు తూకంలో పెట్టుకుంటే ఆవకాయ పాడవదు.

సోడా, బేకింగ్ పౌడర్

దీనికి రెండు మాటలు చాలు. వంట సోడా సమ్మేళనం, సోడియం బైకార్బొనేట్. పెరుగో, నిమ్మరసమో తగిలితే బాగా పొంగుతుంది. బేకింగ్ పౌడర్ మిశ్రమం. అదే సోడాకి పొడి ఆమ్లం, కాస్త పిండి కలిపి డబ్బాలో పెడతారు. తడి తగిలితే చాలు, దానంతట అదే పొంగుతుంది. అందుకే ఒకదానికి బదులు ఇంకోటి చెంచాకి చెంచా వేయకూడదు. చెంచా బేకింగ్ పౌడర్ ఉన్నచోట పావు చెంచా సోడా, దానికి తోడు పుల్లటి పెరుగు. ఇంట్లో ఒక్కటే ఉంచుకోవాలంటే సోడానే ఉంచుకోండి. ఎంతకాలమైనా పెద్దగా చెడదు. బేకింగ్ పౌడర్ చెమ్మ తగిలితే డబ్బాలోనే పని ముగించేసుకుంటుంది. అప్పడాలు ఒత్తేవాళ్లు వాడే సోడా ఉప్పు మళ్లీ వేరు, ఘాటు ఎక్కువ. దాన్ని ఇడ్లీ పిండిలో వేసి సబ్బు రుచి వచ్చిందని బాధపడినవాళ్లు మా వీధిలోనే ఉన్నారు.

ఓఆర్ఎస్సా, గ్లూకోజా

ఇది తమాషా విషయం కాదు. ఏప్రిల్, మే నెలల్లో పిల్లలకి వాంతులు విరేచనాలు పట్టుకుంటే చాలామంది పచ్చటి డబ్బా గ్లూకోజ్ కలిపి తాగిస్తారు. గ్లూకోజ్ సమ్మేళనం, మంచి వస్తువే. కానీ ఒంట్లోంచి పోయింది చక్కెర ఒక్కటే కాదు, నీరూ ఉప్పూ. పేగు గోడలో సోడియం, గ్లూకోజ్ చెయ్యీ చెయ్యీ పట్టుకుని లోపలికి వెళ్తాయి, వాటి వెంట నీరు వెళ్తుంది. ఒకటి లేకపోతే రెండోది సరిగా నడవదు. ఉత్త గ్లూకోజ్ మరీ చిక్కగా కలిపితే పేగులోకి నీరు ఎదురు లాగి విరేచనాలు పెరగవచ్చు.

అందుకే ఇక్కడ సమ్మేళనాన్ని కాదని మిశ్రమాన్నే, అంటే ఓఆర్ఎస్ పొడినే ఎంచుకోవాలి, అదీ సరైన పాళ్లలో. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నుంచి చెబుతున్న లెక్క ప్రకారం లీటరుకి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, సోడియం సిట్రేట్ 2.9, అన్నీ కలిపి 20.5 గ్రాములు. ప్యాకెట్ మీద 'ఒక లీటరుకి' అని ఉంటే లీటరు నీళ్లలోనే మొత్తం కలపాలి. గ్లాసుకి కొంచెం కొంచెం వేస్తే, పొడిలో ఏ పలుకు ఎంత పడిందో ఎవరు చూశారు? గ్లాసుకి సరిపడే చిన్న ప్యాకెట్లు వేరే ఉంటాయి. కలిపిన నీళ్లు 24 గంటలు దాటితే పారబోయాలి.

ఓఆర్ఎస్ అనే మూడక్షరాలు పేరులో పెట్టుకుని తియ్యటి డ్రింకులు అమ్మడం చాలాకాలం నడిచింది. ఆ లెక్కకి సరిపోనివి ఆ పేరు వాడకూడదని 2025 అక్టోబర్‌లో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. మిశ్రమానికి పేరు చాలదని నేను చెప్పేది ఇందుకే.

ప్యాకెట్ దొరకనప్పుడు లీటరు నీళ్లకి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచా అంటే టీ చెంచా, తలగొట్టి. ఉప్పు ఎక్కువైతే పిల్లలకి ప్రమాదం కాబట్టి తాగించే ముందు రుచి చూడండి, కన్నీళ్ల కంటే ఉప్పగా ఉండకూడదు. తరవాణి సంగతి అడుగుతారు. ఎండలో తిరిగొచ్చాక చెంబెడు తరవాణి, దాంట్లో ఉప్పు, నిమ్మాకు నలిపి వేసుకుంటే నాకు దాన్ని మించింది లేదు. పఖాల అనే చద్దన్నం తినే ఊళ్లో పుట్టి కాదనగలనా? కానీ నీళ్ల విరేచనాలయ్యే పసివాడికి తరవాణితో సరిపెట్టకండి. ఓఆర్ఎస్ పట్టిస్తూనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

నీటికి పటికా, బ్లీచింగా

2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు గజపతి జిల్లా అంతా అతలాకుతలమైంది. బావ వాళ్ల నుయ్యి ఎర్రమట్టి నీటితో నిండింది. ఇంట్లో పటిక ఉంది, పాత బ్లీచింగ్ సంచి ఉంది. ఏది వెయ్యాలి?

రెండూ వెయ్యాలి, వరుస ప్రకారం. పటిక సమ్మేళనం. అందులో అల్యూమినియం, పొటాషియం, సల్ఫేట్, వాటితో బిగిసిన నీరు ఎప్పుడూ ఒకే పాళ్లలో ఉంటాయి. పదేళ్ల క్రితం కొన్న పటికముక్కైనా ఇవాళ అదే పని చేస్తుంది. మట్టిని ముద్దలు కట్టించి అడుక్కి దింపుతుంది. క్రిముల్లో కొన్ని మట్టితోపాటు దిగుతాయేమో గానీ మిగిలినవాటిని చంపదు. వెనకటి రోజుల్లో కుండలో ఇండుపగింజ అరగదీసేవాళ్లు, అదీ మట్టి తేర్చడానికే.

బ్లీచింగ్ పౌడర్ దగ్గర పాఠ్యపుస్తకం ఒక చిన్న అబద్ధం చెబుతుంది. ఒక సూత్రం రాసి సమ్మేళనంలా చూపిస్తుంది. పరీక్షలో ఆ సూత్రమే రాయండి, మార్కులు పోగొట్టుకోకండి. నిజానికి అది కాల్షియం హైపోక్లోరైట్, సున్నం, కాల్షియం క్లోరైడ్ కలిసిన మిశ్రమం. తాజాగా ఉన్నప్పుడు పనికొచ్చే క్లోరిన్ 33 శాతం దాకా ఉంటుంది. మూత తీసి ఉంచితే గాలికి, చెమ్మకి, ఎండకి రోజురోజుకీ తగ్గిపోతుంది. తేటనీటికి వెయ్యి లీటర్లకి 2.5 గ్రాముల లెక్క తాజా పౌడర్‌కి చెప్పినది. వేశాక కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలి.

మేము చేసిందేమిటంటే, ఆ పాత సంచిలోది దోసెడు తీసి మట్టి నీటిలోనే గుమ్మరించి, పని అయిపోయిందనుకున్నాం. మట్టి ఉన్న నీటిలో క్లోరిన్ మట్టితోనే సరి. దానికితోడు ఆ పౌడర్‌కి వాసనే లేదు, వట్టి సున్నం. రెండోనాడు ఆశా కార్యకర్త కొత్త ప్యాకెట్ తెచ్చి ఇచ్చేదాకా కాచిన నీళ్లే తాగాం, ఆ బుద్ధి ఒక్కటి పుట్టబట్టి బతికిపోయాం. పటిక చవగ్గా దొరికినప్పుడు కొని దాచుకోండి. బ్లీచింగ్ మాత్రం కావలసినప్పుడు చిన్న ప్యాకెట్ కొని, మిగిలింది గట్టిగా మూత పెట్టండి. మూత తియ్యగానే ఘాటు రాకపోతే పారెయ్యండి.

ఇత్తడి, కంచు

బెలగుంఠా ఇత్తడి చేప చూసే ఉంటారు, తోక పట్టుకుంటే పాములా మెలికలు తిరుగుతుంది. ఇత్తడి అంటే రాగి, జింకు. కంచు అంటే రాగి, తగరం. రెండూ మిశ్రమాలే, కాకపోతే అయస్కాంతంతోనో జల్లెడతోనో విడదీయలేనంత సన్నగా కలిసిపోయిన మిశ్రమాలు. పాళ్లు మారితే రంగు మారుతుంది, మోగే తీరు మారుతుంది. గంట కంచులో రాగి 78, తగరం 22 దగ్గర ఉంటుంది. కొట్టి చూసి కొనడం వెనక అసలు సంగతి అదే. మోత సాగితే కంచు, వెంటనే తెగితే ఇత్తడి ఎక్కువ కలిసిందని పాతవాళ్లు అనుమానిస్తారు. తినే పళ్లేనికి కంచు తీసుకోండి, బిందెకి ఇత్తడి చాలు. చింతపండు పులుసు ఇత్తడిలో పెట్టాలంటే కళాయి తప్పదు. ఇత్తడి మీద పట్టే ఆకుపచ్చ చిలుము మాత్రం సమ్మేళనం, ప్రూస్ట్‌గారి రాగి కార్బొనేట్‌కి చుట్టమే. చింతపండుకి అది కరుగుతుంది, లోపలికి వెళ్తే కడుపు చెడుతుంది.

పేరులోనే మోసం

చివరికి ఒక చిక్కుముడి. తమలపాకు తోటలకి, కొబ్బరి మొవ్వు కుళ్లుకి వాడే బోర్డో మిశ్రమం. 1885లో ఫ్రాన్స్‌లోని బోర్డో విశ్వవిద్యాలయంలో పనిచేసే మిలార్డే ద్రాక్షతోటల కోసం దీన్ని లోకానికి చెప్పాడు. ఒక శాతం మందుకి మైలతుత్తం (కాపర్ సల్ఫేట్) ఒక కిలో, సున్నం ఒక కిలో, నీరు వంద లీటర్లు. పేరులో మిశ్రమం అని ఉంది, పాళ్లు కూడా ఉన్నాయి. కానీ మైలతుత్తం నీరు సున్నపు నీటిలో పడగానే రెండూ కలిసిపోయి నీలిరంగు మడ్డి పుడుతుంది. అది ముందు రెండింటిలోనూ లేని కొత్త పదార్థం. మైలతుత్తం విడిగా మిగిలితే ఆకు మాడుతుంది. మైలతుత్తమంతా మారిపోతేనే అది మందు.

కొట్లో తయారుగా దొరికే రాగి మందులున్నాయి, నీళ్లలో కలిపి కొట్టడమే. తీరిక లేనివాళ్లకి అవే మేలు. ఇంట్లో చేసుకుంటే చవక, ఆకుని ఎక్కువ రోజులు పట్టుకుని ఉంటుంది, కానీ అదేరోజు కొట్టేయాలి. చేసుకునేటప్పుడు ఇనప డ్రమ్ము వద్దు, ప్లాస్టిక్ తొట్టె వాడండి. సున్నం పాతదైతే కిలోకి కిలో సరిపోదు, గాలికి సుద్దైపోయి బలం తగ్గి ఉంటుంది. సరిపోయిందో లేదో తెలియాలంటే వంటింటి చాకుని మెరిసేలా తోమి ఆ నీలినీళ్లలో ఒక నిమిషం ముంచండి. తీసి చూస్తే అలుగు మీద ఎర్రగా రాగి పూత పట్టిందా, మైలతుత్తం ఇంకా మిగిలి ఉంది. ఇంకో గుప్పెడు సున్నం తేట పోసి కలిపి, చాకు తుడిచి మళ్లీ ముంచండి. అలుగు తెల్లగానే వచ్చేదాకా.